ఒక తల్లికి ఒకే మనిషి

శిక్షణ 1వ రోజు

మా నర్సింగ్ కళాశాల సూపరింటెండెంట్ కృపావరం గారి ఆదేశం మీద ఈ పుస్తకం రాస్తున్నాను. రోజుకు నాలుగు వాక్యాలు చాలన్నారు. నాలుగు వాక్యాల్లో ముగించడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

నా పేరు వరహాలు. యాభై ఎనిమిదేళ్ళు. ముప్పై ఏళ్ళు కొండ మీది ఊళ్ళలో మిడ్‌వైఫ్‌గా పనిచేసి, ఈ ఏడాదే తెప్పల మీదికి దిగాను. పడవ దిగేసరికి చెప్పుల నిండా నాచు. పాత ఊళ్ళు ఈ నీళ్ళ అడుగున ఎక్కడో ఉన్నాయంటారు. పైన తొమ్మిది తెప్పలు, ఒక్కోదాని మీద మూడు నాలుగు వందల ఇళ్ళు, చుట్టూ కనుచూపు మేర నాచు తోటలు. స్నానానికి మంచినీళ్ళు వారానికి రెండు బకెట్లు. మిగతా రోజుల్లో ఉప్పునీళ్ళే.

తరగతిలో ఆరుగురు. అందరూ తెప్పల మీద పుట్టినవాళ్ళే. "మీలో ఎవరైనా ఒకే గర్భిణిని రెండోసారి చూశారా?" అని అడిగాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రెబ్కా అనే అమ్మాయి చెయ్యెత్తింది.

"రెండోసారి చూడడం దేనికి మేడం? అన్నీ కుర్చీ చూసుకుంటాది కదా."

ప్రతి తెప్పలోనూ ఒక పరీక్ష కుర్చీ ఉంది. గర్భిణి అందులో కూర్చుంటే నాలుగు నిమిషాల్లో రక్తపోటు, బరువు, బిడ్డ గుండె చప్పుడు అన్నీ రాసేసుకుంటుంది. పక్కన ఆ రోజుకు వచ్చిన నర్సు నిలబడి ప్రశ్నలు అడుగుతుంది. ఏ నర్సు ఏ తెప్పకు వెళ్ళాలో తెల్లవారి ఆరు గంటలకు పంపిణీ యంత్రం చెబుతుంది. ఎక్కడ అవసరం ఎక్కువైతే అక్కడికి. నిన్న ఒకటో తెప్ప, నేడు ఎనిమిది, రేపు నాలుగు.

నేను నేర్పడానికి వచ్చింది ఇంకో పద్ధతి. నెల తప్పిన తొలి రోజుల నుంచి, కాన్పు మీదుగా, బిడ్డకు ఆరు వారాలు నిండేదాకా ఒక తల్లికి ఒకే మిడ్‌వైఫ్. ఆ మాట చెప్పగానే వెనక బెంచీలో ఒకమ్మాయి నవ్వింది. ఆమె పేరు ముత్యాలు.

6వ రోజు

ఇవాళ పాఠం చెప్పలేదు. "మీరు బాగా ఏడ్చిన ఒక రోజు గురించి పక్కవాళ్ళకి చెప్పండి," అన్నాను. చెప్పుకున్నారు. రెబ్కాకు కళ్ళు తడిశాయి. తర్వాత చోటు మార్చి, వేరే మనిషికి అదే సంగతి మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ మార్చాను. మూడోసారికి గది గోల తగ్గింది. నాలుగోసారికి రెబ్కా రెండు ముక్కల్లో తేల్చేసింది. ఐదోసారి ముత్యాలు ఎదుటి మనిషితో, "నాకేటీ నేదు. నువ్వు సెప్పు," అనేసింది.

"మన దగ్గరికొచ్చే ప్రతి తల్లి ప్రతి నెలా చేస్తున్నది ఇదే," అన్నాను.

మధ్యాహ్నం ముత్యాలు నా గదికి వచ్చింది. నిక్కచ్చి మనిషి. మర్యాద తప్పకుండానే తగువు వేసుకుంటుంది.

"మేడం, పక్క తరగతివాళ్ళు ఈ ఏడు నలభై కాన్పులు సూత్తారు. నాను ఒక్క మనిషి ఎనక తిరిగితే ఏటి నేర్సుకుంటాను? నాకు కొండ మీద ఆపరేషన్ థియేటర్‌లో సీటు కావాలి. ఆళ్ళు కాన్పుల లెక్క అడుగుతారు."

నలభై కాన్పులు కూడా చూద్దువుగాని, ఈ ఒక్కటి అదనం అన్నాను. ఆమెకు నమ్మకం కలగలేదని తెలుస్తూనే ఉంది.

9వ రోజు

కృపావరం గారు అనుమతి ఇచ్చారు. ఆరుగురికి ఆరుగురు తల్లులు. తల్లిని చూడ్డానికి వెళ్ళే గంటల వరకు విద్యార్థుల్ని పంపిణీ నుంచి తప్పిస్తారు. నాలుగు నెలల తర్వాత సమీక్ష. సంతకం చేస్తూ ఆమె అన్న మాట రాసి పెట్టుకోవాలి.

"వరహాలు గారూ, మా అమ్మ నన్ను కని చనిపోయింది. రెండో తెప్పలో ఆ రోజు నర్సే లేదు. ఐదో తెప్పలో ముగ్గురు ఖాళీగా కూర్చున్నారు. పంపిణీ వచ్చాక అలా ఎవరూ చావలేదు. అది గుర్తుపెట్టుకుని మీ ప్రయోగం చేసుకోండి."

ఆమె మాటలో అబద్ధం లేదు.

ముత్యాలుకు మూడో తెప్పలోని గౌరీశ్వరి వచ్చింది. ఇరవై ఆరేళ్ళు. ఐదో నెల. నాచు ఏరి ఆరబెట్టే పని. భర్త లోవరాజు తోటల్లో తాళ్ళు కడతాడు. కుర్చీ రికార్డులో ఒక వరుస ఉంది: మొదటి కాన్పు, ముప్పై ఎనిమిదో వారం, మృత శిశువు, కారణం తెలియదు.

11వ రోజు

ముత్యాలు మొదటిసారి వెళ్ళొచ్చింది. సంచీ బల్ల మీద పడేసింది.

"ఊ అంతాది, ఊహూ అంతాది. ఇరవై ప్రశ్నలడిగితే ఇరవైకీ అదే. 'ఇదెన్నో కాన్పు' అనడిగితే లేసి ఎల్లిపోనాది."

"రికార్డులో ఉంది కదమ్మా, ఎందుకడిగావు?"

"ఫారంలో ఆ ప్రశ్న ఉంది మేడం. కుర్చీ కాడ కూడా ప్రతిసారీ అడుగుతారు, సరి సూసుకోడానికి."

కాసేపటికి తనే తల దించుకుంది. ఈసారి ఫారం లేకుండా వెళ్ళమన్నాను. ఫారం లేకుండా ఏం చెయ్యాలని అడిగింది. ఆమె ఏం చేస్తుంటే అది నువ్వూ చెయ్యి అన్నాను.

38వ రోజు

నాలుగు రోజులుగా గాలి. పడవలు నిలిపేశారు. తరగతి గదిలోనే గుడ్డబొమ్మతో కాన్పు నేర్పుతున్నాను. రెబ్కా చేతులు మెత్తనివి, తొందర లేనివి. ఆ అమ్మాయి మంచి మిడ్‌వైఫ్ అవుతుంది.

గాలి పట్టకముందు జరిగిన సంగతి ముత్యాలు ఇవాళ చెప్పింది. మూడుసార్లుగా వెళ్ళి గౌరీశ్వరి పక్కన కూర్చుని నాచు ఏరుతోందట. నాలుగోసారి గౌరీశ్వరి చేతిలో పని ఆపకుండానే మాట్లాడిందట.

"అప్పుడు పది నెలల్లో పదకొండు మంది నర్సులొచ్చినారు. ఒక్కులికీ నా పేరు తెల్దు. బిడ్డ పోయినాక గూడా ఒచ్చినారు. ఒచ్చిన పెతి మనిషీ 'పాలిత్తన్నావా' అనడిగింది. ఏటని సెప్తాను? అప్పటికాడ్నించి నానేటీ సెప్పను. కుర్చీ అడిగితే అన్నీ బాగున్నాయంతాను."

ముత్యాలు ఏమందో అడిగాను.

"ఏటీ అన్లేదు మేడం. ఇద్దరం గంప నిండేదాకా ఏరినాం. ఒచ్చేటప్పుడు 'బుధవారం నానే ఒత్తాను' అన్నాను. 'నువ్వేనా?' అంది. 'నానే' అన్నాను."

71వ రోజు

ఈ వారం పాఠం: డాక్టరుకు ఎప్పుడు అప్పజెప్పాలి. మిడ్‌వైఫ్ అన్నీ తనే చెయ్యాలనుకోవడం ప్రమాదం. రక్తపోటు పెరిగినా, రక్తం పోయినా, బిడ్డ కదలిక తగ్గినా డాక్టరు కావాలి. కానీ డాక్టరుకు అప్పజెప్పిన చోట మన పని ఆగదు. తల్లితో పాటు మనమూ ఆ గుమ్మం దాటాలి.

"గుమ్మం దాటనిస్తారా?" అని ముత్యాలు అడిగింది. కొండ ఆసుపత్రిలో తెప్పల విద్యార్థులకు ప్రవేశం లేదు. లేదనే చెప్పాను.

ఇప్పుడు ముత్యాలు గౌరీశ్వరిని అప్పా అని పిలుస్తోంది. తెప్పల యాసలో అప్ప అంటే అక్క. వెళ్ళిన ప్రతిసారీ కాళ్ళకు వాపు ఉందేమో చూసి, నూనె రాసి వస్తోంది. కుర్చీకి కాళ్ళు పట్టుకోవడం రాదు కదా మేడం అంటుంది.

97వ రోజు

తొమ్మిదో తెప్పలో విషజ్వరాలు. పంపిణీ యంత్రం మా ఆరుగురిలో నలుగురిని అక్కడికి లాగేసింది. అందులో ముత్యాలు ఉంది. నేను కృపావరం గారి దగ్గరికి వెళ్ళాను.

"ఒక గర్భిణి కోసం అరవై మంది జ్వరాలవాళ్ళని వదలమంటారా?" అన్నారు.

అనలేను. ముత్యాలు కూడా గొణగలేదు. సంచీ సర్దుకుని వెళ్ళింది. గౌరీశ్వరి ముప్పై మూడో వారం పరీక్షకు వేరే నర్సు వెళ్ళింది. రిపోర్టు చూశాను. రక్తపోటు మామూలు. బిడ్డ గుండె మామూలు. చర్మం మామూలు. ఫిర్యాదులు లేవు.

106వ రోజు

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను. ఇందులో నా తప్పు ఉంది.

ముత్యాలుకు తొమ్మిదో తెప్పలో ఒక రోజు సెలవు దొరికింది. నిద్రపోవలసిన మనిషి, నాచు పడవ ఎక్కి రెండు గంటలు ప్రయాణం చేసి గౌరీశ్వరిని చూడ్డానికి వెళ్ళింది. అక్కడి నుంచి నేరుగా నా గదికి వచ్చింది.

"మేడం, అప్పకి అరికాళ్ళు దురద. అరిచేతులు గూడా. రాత్రిళ్ళు మరీ ఎక్కువ, నిద్దర నేదంట. గీసుకుని గీసుకుని కాళ్ళు ఎర్రగా అయిపోనాయి. దద్దురు మాత్రం ఏటీ నేదు."

నేను పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. తల ఎత్తకుండానే అన్నాను. "ఉప్పునీళ్ళ స్నానమమ్మా. ఈ తెప్పల మీద దురద లేనిదెవరికి? నాకూ ఉంది."

ముత్యాలు కదల్లేదు.

"మేడం, ఆ కాళ్ళు నాను రెణ్ణెల్లు పట్టుకున్నాను. ఆ మనిషి పుట్టినకాడ్నించి ఉప్పునీళ్ళలోనే ఉంది. ఎప్పుడూ గీసుకోనేదు. ఈ పది రోజుల్నుంచే ఇలగ."

కలం కింద పెట్టాను. ముప్పై ఏళ్ళలో నేను ఇలాంటి తల్లుల్ని నలుగురిని చూశాను. చివరి నెలల్లో అరికాళ్ళకు, అరిచేతులకు, దద్దురు లేని దురద. కాలేయం నుంచి పైత్యరసం సరిగా పారక రక్తంలో కలిసినప్పుడు వస్తుంది. తల్లికి దురదే. బిడ్డకు మాత్రం ప్రాణం మీదికి రావచ్చు. ఇంత తెలిసిన మనిషిని, ఉప్పు అనేశాను.

"ఆ రోజు వచ్చిన నర్సుకి ఎందుకు చెప్పలేదట?"

"నానూ అడిగినాను. 'ఆ యమ్మ ఎవులో నాకు తెల్దు. ఏటైనా ఇబ్బందా అంది, నేదన్నాను' అంది." ముత్యాలు గొంతు తగ్గింది. "ఇంకోటి మేడం. అప్పుడు, మొదటి బిడ్డప్పుడు గూడా దురదే. ఇద్దరు నర్సులకి సెప్పిందంట. ఇద్దరూ ఉప్పనేసినారంట."

ఇద్దరం పరుగున రేవుకు వెళ్ళి, పడవ పట్టుకుని మూడో తెప్పకు చేరాం. గౌరీశ్వరి నన్ను చూసి లోపలికి వెళ్ళబోయింది. వెనక ముత్యాలును చూసి ఆగింది. ఈ రక్తపరీక్ష తెప్పల మీద చెయ్యరు. రక్తం తీసి, కూరగాయల పడవలో కొండ ఆసుపత్రికి పంపించాం.

108వ రోజు

తొమ్మిదో తెప్పలో జ్వరాలు తగ్గి, ముత్యాలును వెనక్కి పంపేశారు. రిపోర్టు వచ్చింది. పైత్య ఆమ్లాలు ఉండవలసిన దానికి ఏడెనిమిది రెట్లు.

కొండ ఆసుపత్రి డాక్టర్ జమీలా బేగం మూడో తెప్పలో మా అందరితో తెర మీద మాట్లాడింది. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. మందులు రాసింది. వారం వారం రక్తం, రోజూ బిడ్డ కదలికల లెక్క, ముప్పై ఏడో వారం రాగానే నొప్పులు తెప్పించి కాన్పు చెయ్యాలి, ఈలోగా అంకెలు పెరిగితే ఇంకా ముందే అంది.

గౌరీశ్వరి ఒక్కటే అడిగింది. "అప్పుడు గూడా ఇదేనా? నా బిడ్డ దీనివల్లే పోనాదా?"

డాక్టర్ తెరకు దగ్గరగా జరిగింది. "అప్పుడు రక్తం తియ్యలేదమ్మా. అయ్యుండొచ్చు. కచ్చితంగా చెప్పలేను. ఈసారి మాత్రం మనకి ముందే తెలిసింది."

గౌరీశ్వరి అత్తగారు గోడ పక్కన కూలబడి ఏడ్చింది. గౌరీశ్వరి ఏడవలేదు. ముత్యాలు చెయ్యి పట్టుకుని, "నువ్వొత్తావా అక్కడికి?" అంది.

ముత్యాలు నా వైపు చూసింది.

110వ రోజు

కృపావరం గారి గదిలో ముగ్గురం. నేను చెప్పవలసింది చెప్పాను. ఆమె రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. ఒకటి ఫిర్యాదులు లేవన్నది, రెండోది కొండ నుంచి వచ్చినది.

తర్వాత ముత్యాలును అడిగారు. "కొండ ఆసుపత్రిలో డాక్టర్లున్నారు. నర్సులున్నారు. నీకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు. నువ్వెళ్ళి అక్కడ చేసేదేమిటి?"

పిల్ల ఏదైనా గొప్పగా చెబుతుందేమో, ఆమెకు కోపం వస్తుందేమో అని భయపడ్డాను.

"నానేటీ సెయ్యను మేడం," అంది ముత్యాలు. "అప్ప మళ్ళీ మొదట్నించీ సెప్పుకోనక్కర్లేదు. అంతే."

కృపావరం గారు కిటికీ వైపు తిరిగారు. బయట నాచు పడవలు వరసగా పోతున్నాయి. తిరిగి చూడకుండానే, "కొండ ఆసుపత్రికి ఉత్తరం నేను రాస్తాను," అన్నారు.

127వ రోజు

బిడ్డ పుట్టింది.

ఇది ఇప్పుడు ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

నిన్న ఉదయం వచ్చాం. గౌరీశ్వరి నేల మీద నడవడం ఇదే మొదటిసారి. కాళ్ళ కింద ఏదీ ఊగకపోతే తల తిరుగుతోందంది. లోవరాజుకీ అంతే. ఆసుపత్రి నర్సు ఫారం పట్టుకుని రాగానే ముత్యాలు ఎదురెళ్ళి, పక్కకు తీసుకెళ్ళి, నెమ్మదిగా అంతా తనే చెప్పింది. ఆ నర్సు లోపలికి వచ్చి గౌరీశ్వరితో, "నాకు తెలుసమ్మా. నీ పేరు గౌరీశ్వరి కదా," అంది. గౌరీశ్వరి ముత్యాలు వైపు చూసి కళ్ళు మూసుకుంది.

నొప్పులు రావడానికి మందు పెట్టారు. ఇవాళ పొద్దున నొప్పులు బిగిశాయి. పది గంటలప్పుడు బిడ్డ గుండె చప్పుడు ఒకసారి తగ్గింది. గదిలో అందరూ కదిలారు. డాక్టర్ జమీలా లోపలికి వచ్చింది. గౌరీశ్వరి బిగుసుకుపోయింది. "పోనాది, ఇది గూడా పోనాది," అని ఒకటే మాట. నేను ఏదో చెప్పబోయాను, వినే స్థితిలో లేదు.

ముత్యాలు ఆమె మొహం దగ్గర మొహం పెట్టింది. "అప్పా, నన్ను సూడు. ఏదైనా తేడా ఉంటే నీకు నానే సెప్తానన్నాను కదా? సెప్పినాను కదా దురదప్పుడు? ఇప్పుడు గూడా నానే సెప్తాను. పక్కకి తిరుగు. ఆఁ, అలగే. ఇను, ఇంటన్నావా? అది నీ బిడ్డ గుండె. మళ్ళీ బాగుంది."

బాగానే ఉంది. పక్కకు తిప్పగానే చప్పుడు సర్దుకుంది. డాక్టర్ చేతులు తుడుచుకుని, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది.

పదకొండు గంటల నలభై నిమిషాలకు ఆడపిల్ల. రెండు కిలోల ఆరు వందలు. ఊపిరి తీసుకోవడానికి కాస్త ఆలస్యం చేసింది. వీపు గట్టిగా తుడిస్తే ఏడ్చింది. ఆ ఏడుపు విని వరండాలో లోవరాజు నేల మీదే కూర్చుండిపోయాడు.

ముత్యాలు బయటికి వచ్చి, చేతులు కడుక్కుని, కుళాయి కట్టేసి, గోడకు ఆనుకుని భోరున ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

141వ రోజు

సమీక్ష జరిగింది. నేను కోరినంత రాలేదు. తొమ్మిది తెప్పలకూ కావాలన్నాను. మూడో తెప్పకూ నాలుగో తెప్పకూ ఇచ్చారు, రెండేళ్ళకు. ముందు బిడ్డను పోగొట్టుకున్న తల్లులు ఏ తెప్పలో ఉన్నా వాళ్ళకు మాత్రం ఒకే మిడ్‌వైఫ్. ఆమెకు జ్వరమొచ్చినా సెలవైనా, తల్లికి ముందే పరిచయమైన రెండో మనిషి ఒకరు. తెప్పల మీద జ్వరాలొచ్చినా గాలులొచ్చినా ఆ మిడ్‌వైఫ్‌లని పంపిణీ ముట్టుకోకూడదు. ఈ చివరి మాట కృపావరం గారు తన చేత్తో చేర్చారు.

ఉప్పు దురద అని రాసే ముందు అరికాళ్ళు చూడమని తొమ్మిది తెప్పల నర్సులకూ కాగితం వెళ్ళింది. దాని కింద నా సంతకం ఉంది. చూడకుండా అన్నది నేనే కాబట్టి, ఆ సంగతి కూడా అందులో రాశాను. ఒకరిద్దరు నర్సులు ఎదురుపడి నవ్వారు. నవ్వనీ.

ముత్యాలుకు కొండ ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. ఆపరేషన్ థియేటర్‌లో సీటు. డాక్టర్ జమీలా సిఫారసు చేసిందట. సోమవారం చేరాలి. బిడ్డకు ఆరు వారాలు నిండాక చేరతానని గడువు అడిగింది. ఇచ్చారు.

169వ రోజు

ఆరు వారాలు నిండాయి. ముత్యాలుతో నేనూ మూడో తెప్పకు వెళ్ళాను.

బిడ్డకు ముత్యాలు పేరు పెడతారేమోనని నేను లోపల అనుకున్నాను. గౌరీశ్వరి అత్తగారి పేరు, సన్యాసమ్మ, పెట్టారు. ముత్యాలు ఆ పాతకాలం పేరు విని నవ్వు ఆపుకోలేకపోయింది. గౌరీశ్వరి కూడా నవ్వింది. బిడ్డ నాలుగు కిలోలు దాటింది. పాలు బాగా తాగుతోంది. గౌరీశ్వరి అరికాళ్ళు నున్నగా ఉన్నాయి. ముత్యాలు ఇద్దరినీ చూసి, ఆఖరి కాగితం మీద సంతకం చేసింది. గౌరీశ్వరి ఎండునాచు పొట్లం ఒకటి ఆమె సంచిలో కుక్కింది.

రేవు దగ్గర పడవ సిద్ధంగా ఉంది. వలలు ఆరేసిన చోటు నుంచి ఒకామె మాకు అడ్డం వచ్చింది. గౌరీశ్వరి తోటికోడలు దేవుడమ్మ. బాలింత ఇంట్లో రెండు మూడుసార్లు చూశాను కానీ ఎప్పుడూ మాట్లాడలేదు. నన్ను కాదు, ముత్యాలునే చూస్తూ, గొంతు తగ్గించి అంది.

"నాకు రెండో నెల. ఇంట్లో ఇంకా ఎవులికీ సెప్పనేదు. కుర్చీ కాడికి గూడా ఎల్లనేదు. మూడేళ్ళ కింద నాకూ ఒకటి పోనాది. అది గూడా ఎవులికీ సరిగ్గా సెప్పనేదు. నువ్వు మళ్ళీ ఒత్తావేమోననీసి సూత్తన్నాను."

రెబ్కాను పంపిస్తాను, చాలా మంచి పిల్ల అని చెప్పబోయాను. ముత్యాలు చెయ్యెత్తి నన్ను ఆపింది. మొదటి రోజు వెనక బెంచీలో నవ్విన పిల్ల, ఇప్పుడు చేతిలో కొండకు వెళ్ళే పాసుతో నిలబడి ఉంది. పడవవాడు కేకేశాడు.

"మేడం," అంది, "సీటు ఒచ్చే ఏడు గూడా ఇత్తారా?"

"అడిగితే ఇవ్వచ్చు. ఇవ్వకపోవచ్చు కూడా."

పాసు మడిచి జేబులో పెట్టుకుంది.

"మీరెల్లండి మేడం. నాను తరవాత పడవకి ఒత్తాను."

నేను ఒక్కదాన్నే ఎక్కాను. పడవ రేవు వదిలాక తిరిగి చూశాను. వలల నీడలో ఇద్దరూ కూర్చున్నారు. దేవుడమ్మ మాట్లాడుతోంది. ముత్యాలు సంచీ తెరవలేదు, కాగితం తియ్యలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వింటోంది.